నాకే ఎందుకొచ్చింది డాక్టరుగారూ?

(నవంబరు 14, ప్రపంచ మధుమేహ దినం నాడు కందుకూరులో ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం. చెప్పిందే చెప్పిన చోట్ల మాత్రం కొంత తగ్గించాం.)

అందరికీ నమస్కారం.

మొదట టీ సంగతి చెప్పేస్తాను. లేకపోతే మీ ధ్యాసంతా అటే ఉంటుంది. (నవ్వులు) టీ పదిన్నరకి. నేనే ఆపమన్నాను. వెనక వరండాలో ఇద్దరు ల్యాబ్ పిల్లలు కూర్చున్నారు. పరగడుపున వచ్చినవాళ్ళకి రక్తం చూస్తారు. చీటీ నంబరు పిలిచినప్పుడు లేచి వెళ్ళండి, నేను మాట మధ్యలో ఉన్నా ఏమీ అనుకోను. ఇప్పటికే షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు మాత్రం పస్తుండొద్దు. మీకు ఇవాళ కొత్తగా తెలిసేదేమీ లేదు, వెళ్ళి రెండు ఇడ్లీలు తినిరండి.

ఇందాక పరిచయం చేసినాయన నన్ను "ఒంగోలు నుంచి మన నెల్లూరు జిల్లాకి వచ్చిన అతిథి" అన్నారు. నేను ఈ ఊళ్ళో ఉద్యోగం చేసిన రోజుల్లో కందుకూరు ప్రకాశం జిల్లా. 1970కి ముందు నెల్లూరు జిల్లా. 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. ఊరు ఉన్నచోటే ఉంది, గీత అటూ ఇటూ జరిగింది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, షుగర్ లెక్కల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ముప్ఫై ఏళ్ళకు పైగా నా బల్ల ముందు కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది మొదట అడిగింది మందు గురించి కాదు. "నాకే ఎందుకొచ్చింది డాక్టరుగారూ?" అని. అడగడంతోపాటు జవాబు కూడా వాళ్ళే తెచ్చుకుంటారు. ఒకాయన "మా ఆవిడ వైపు వంశంలో ఉందండీ" అన్నాడు. నేను నవ్వాపుకుని, "జబ్బు నీకొచ్చింది కదయ్యా, ఆవిడ వైపు వంశం నీకెట్లా అంటింది?" అన్నాను. (నవ్వులు) ఇంకొకరు కూతురి పెళ్ళి టెన్షన్ అంటారు. ఇంకొకరు కరోనా టీకా అంటారు. అత్తగారయితే "కోడలు ఆ సంకటి మానిపించి ఇడ్లీలు మొదలుపెట్టింది, అప్పుడొచ్చింది" అంటుంది. ఎవరో ఒకరి మీద పెట్టాలి. నా అనుభవంలో ఆ నింద తొంభై పాళ్ళు తప్పు మనిషి మీద పడుతుంది. ఇవాళ మాట్లాడేది దాని గురించే.

మన మెట్ట ప్రాంతం వాళ్ళకి బావి గురించి చెప్పక్కర్లేదు. బావి ఎండిపోయిందంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఊట తక్కువై ఉండాలి, లేదా తోడకం ఎక్కువై ఉండాలి. చాలాసార్లు రెండూ. పొట్టలో జీర్ణకోశం వెనకాల క్లోమం అని ఒక గ్రంథి ఉంటుంది. అందులో అక్కడక్కడా దీవుల్లాంటి కణాల గుంపులు ఉంటాయి. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ విద్యార్థి వాటిని మొదట చూశాడు. వాటిలోని బీటా కణాలే ఇన్సులిన్ ఊట. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తే, దాన్ని కండలోకి, కొవ్వులోకి పంపేది, లివర్ తనంతట తాను చక్కెర వదలకుండా ఆపేది ఇన్సులిన్. ఒంట్లో కొవ్వు పెరిగి, కండ పని చెయ్యక, అదే పనికి రెట్టింపు ఇన్సులిన్ కావలసి వస్తే అది తోడకం పెరగడం. ఊట సరిపోయినన్నాళ్ళు ఏమీ తెలియదు. సరిపోని రోజున షుగర్.

మన పెద్దలు ఈ రెండు దారుల్ని ఎప్పుడో గమనించారు. సుశ్రుత సంహితలో ప్రమేహం, అంటే మన షుగర్ లాంటి జబ్బు, రెండు రకాలని ఉంది. ఒకటి సహజం, అంటే తల్లిదండ్రుల బీజదోషం వల్ల వచ్చేది. రెండోది అపథ్యం వల్ల, అంటే తిండీ తిరుగుడూ చెడి వచ్చేది. మొదటి రకం మనిషి బక్కగా ఉంటాడని, రెండో రకం మనిషి లావుగా, కూర్చోవడం పడుకోవడం ఇష్టపడేవాడుగా ఉంటాడని కూడా రాశారు. చికిత్సల్లో ఒకటి ఏమిటో తెలుసా? వంద యోజనాలు నడవమన్నారు. బావి తవ్వమన్నారు. కందుకూరు తాలూకాలో బావి తవ్వితే షుగరే కాదు, ఇంకేం మిగలదు. (నవ్వులు) ఆధునిక వైద్యంలో ఇన్సులిన్ పనిచేసే రకం, పనిచెయ్యని రకం అని లండన్‌లో హారొల్డ్ హిమ్స్‌వర్త్ విడదీసింది 1936లో.

ముందు పిల్లలకొచ్చే రకం చెబుతాను. టైప్ 1. ఇవాళ బాలల దినం కూడా కదా.

ఒక తల్లి కనిగిరి వైపు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లని తీసుకొచ్చింది. నెలరోజుల్లో పిల్ల పుల్లలా అయిపోయింది. రాత్రికి ఐదారుసార్లు లేస్తోంది, బిందెలు ఖాళీ చేస్తోంది. వాంతులు, ఆయాసం. అప్పటికి ఒకరు కడుపులో పురుగులన్నారు, ఇంకొకరు గాలి సోకిందన్నారు. షుగర్ ఐదు వందలు దాటి ఉంది. ఇన్సులిన్ పెట్టాక మూడోరోజుకి పిల్ల లేచి కూర్చుని దోసె అడిగింది. తల్లి మాత్రం గది మూలకి పోయి కూర్చుంది. "నేనే పెట్టానయ్యా, అడిగినప్పుడల్లా బెల్లం ముక్క పెట్టాను" అని. ఆమె అత్తగారు పక్కనే నిలబడి తల ఊపుతోంది.

బెల్లానికీ దానికీ సంబంధం లేదు. టైప్ 1లో ఎవరూ ఎక్కువ తోడలేదు. కాపలా ఉండాల్సిన మనిషే బావిని పూడ్చేశాడు. క్రిముల మీద యుద్ధం చెయ్యాల్సిన మన రోగనిరోధక కణాలు పొరపాటున బీటా కణాల్ని శత్రువులనుకుని చంపేస్తాయి. ఆ పొరపాటు జరిగే అవకాశం కొన్ని జన్యువుల్లో ఉంటుంది. ముఖ్యంగా హెచ్‌ఎల్‌ఏ అనే గుంపులో డీఆర్3, డీఆర్4 అనే రకాలు. కానీ అవి ఉన్నవాళ్ళలో చాలా ఎక్కువమందికి ఏ జబ్బూ రాదు. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్ని తీసుకోండి, జన్యువుల్లో అచ్చుగుద్దినట్టు ఒకటే. ఒకరికి టైప్ 1 వచ్చినా, చాలా జంటల్లో రెండోవారికి ఏళ్ళు గడిచినా రాలేదు. అంటే బయటి నుంచి ఏదో వచ్చి తట్టాలి.

ఆ తట్టేది ఏమిటన్నదాని మీద యాభై ఏళ్ళుగా వెతుకుతున్నారు. గర్భంలో ఉన్నప్పుడు తల్లికి రుబెల్లా వస్తే, పుట్టిన బిడ్డకు తర్వాత షుగర్ వచ్చే అవకాశం ఎక్కువని గట్టిగా తేలింది. పేగుల్లో ఉండే ఎంటెరోవైరస్‌ల మీద, వాటిలో కాక్సాకీ బి మీద బలమైన అనుమానం ఉంది. ప్రపంచంలో పిల్లల షుగర్ అందరికంటే ఎక్కువ ఫిన్లాండులో. సరిహద్దు అవతల రష్యా వైపు కరేలియాలో జనం జన్యువులు చాలావరకు అలాంటివే, జబ్బు మాత్రం దాదాపు ఆరో వంతే. మరీ శుభ్రంగా, క్రిముల పరిచయం లేకుండా పెరిగిన పిల్లల్లో నిరోధక శక్తికి పని లేక ఇంట్లోవాళ్ళ మీదే పడుతుందేమో అని ఒక వాదం అక్కణ్ణుంచి వచ్చింది. నాకు ఆ వాదం సగమే నచ్చుతుంది. ఎందుకంటే ఇందాక చెప్పిన కనిగిరి పిల్ల పెరిగింది బర్రెల కొట్టం పక్కన.

ఇంకొకటి చెప్పి టైప్ 1 ముగిస్తాను. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పదిమందిలో తొమ్మిదిమంది ఇళ్ళలో అంతకుముందు టైప్ 1 అసలు ఉండదు. తల్లికి టైప్ 1 ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి రెండు మూడు, తండ్రికి ఉంటే ఆరు దాకా. తల్లుల్నే నిందించే అత్తలు ఈ లెక్క ఇంటికి తీసుకెళ్ళండి.

(ఎవరో: "నంబరు పదకొండు!") వెళ్ళమ్మా, వెళ్ళు.

ఇక మనలో ఎక్కువమందికి ఉన్న టైప్ 2. ఇది వంశంలో ఉంటుందన్నది నిజం. టైప్ 1 కంటే కూడా ఎక్కువగా ఉంటుంది. తల్లికో తండ్రికో ఒకరికి ఉంటే పిల్లలకి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే అవకాశం నూటికి నలభై, ఇద్దరికీ ఉంటే డెబ్బై దాకా అని స్థూలంగా లెక్క చెబుతారు. ఒకే పిండం కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి కూడా వచ్చే జంటలే ఎక్కువ. అయితే ఇందులో "షుగర్ జన్యువు" అని ఒకటి లేదు. వందల చోట్ల చిన్న చిన్న తేడాలు, ఒక్కొక్కటీ ఆవగింజంత. వాటిలో పెద్దది 2006లో బయటపడ్డ టీసీఎఫ్7ఎల్2. అది తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తే అపాయం నలభై శాతం పెరుగుతుంది. పెద్దదే అంత.

కానీ ఇక్కడే అసలు చిక్కు. 1972 నుంచి 75 దాకా భారత వైద్య పరిశోధన మండలి దేశంలో షుగర్ లెక్క తీసింది. పట్టణాల్లో నూటికి ఇద్దరు, పల్లెల్లో ఒకటిన్నర. అదే మండలి సాయంతో జరిగి 2023లో అచ్చయిన లెక్కలో పెద్దవాళ్ళలో నూటికి పదకొండు దాటింది. దేశం మొత్తం మీద పది కోట్ల మంది. ఇంకో పదమూడున్నర కోట్ల మంది షుగర్ వచ్చే అంచు మీద ఉన్నారు. ఇందులో కొంత మన కందుకూరు లాంటి లెక్క ఉంది. 1997 దాకా పరగడుపు షుగర్ 140 దాటితేనే జబ్బనేవాళ్ళు, తర్వాత 126కి దించారు. మనిషి ఉన్నచోటే ఉన్నాడు, గీత జరిగింది. పరీక్షలూ పెరిగాయి, ఆయుష్షూ పెరిగింది. అవన్నీ తీసేసినా పెరుగుదల మిగులుతుంది. యాభై ఏళ్ళంటే రెండు తరాలు. రెండు తరాల్లో జన్యువులు మారవు. మరి మారిందేమిటి?

మారినవాటిలో మొదటిది మనకు కనపడనిది. తల్లి కడుపు.

హాలండులో 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం దిగ్బంధం వల్ల ఘోరమైన కరువు వచ్చింది. ఆ కొద్ది నెలల్లో కడుపులో ఉన్న పిల్లల్ని యాభై ఏళ్ళు వచ్చాక పరీక్షించారు. వాళ్ళ శరీరాలు చక్కెరను సంభాళించుకోవడంలో మిగతావాళ్ళకంటే వెనకబడి ఉన్నాయి. 1992లో హేల్స్, బార్కర్ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రవేత్తలు దీన్ని ఒక సిద్ధాంతంగా చెప్పారు. కడుపులో తిండి తక్కువైతే బిడ్డ మెదడును కాపాడుకుని క్లోమం, కండ దగ్గర పొదుపు చేస్తుంది. బావి తవ్వేటప్పుడే లోతు తగ్గిపోయిందన్నమాట. తర్వాత కూడా కరువే అయితే ఆ లోతు సరిపోతుంది. తర్వాత బిర్యానీ పాయింట్లు వస్తే సరిపోదు.

మన దేశంలో దీన్ని పట్టుకున్నది పూణేలో డాక్టర్ యాజ్ఞిక్. పూణే చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులో సౌతాంప్టన్ పిల్లలు 3.5 కిలోలు. మన పిల్లలకి కండ తక్కువ, పొట్ట తక్కువ, అన్నీ తక్కువే. చర్మం కింద కొవ్వు మాత్రం దాదాపు వాళ్ళతో సమానం. సన్నగా ఉన్న కొవ్వు బిడ్డ. ఆయనే 2004లో తనదీ, తన ఇంగ్లీషు మిత్రుడు జాన్ యుడ్కిన్‌దీ ఫొటో పక్కపక్కన అచ్చు వేయించాడు. ఎత్తుకు తగ్గ బరువు సూచిక ఇద్దరికీ 22.3. కొవ్వు కొలిస్తే ఆ దొరగారికి 9 శాతం, మన ఆయనకి 21 శాతం. "నేను సన్నగానే ఉన్నాను కదండీ, నాకెందుకొస్తుంది" అనేవాళ్ళకి నేను ఆ ఫొటో చూపించేవాణ్ణి. చొక్కా లోపల చూసుకోండి. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండి, నడుం దగ్గర చిన్న కుండ ఉంటుంది. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు సర్దుకుంటున్నారు. (నవ్వులు)

దీనికి కొసరుగా మన చరిత్ర. 1876-78 కరువు, మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాను కూడా పట్టుకుంది. కరువుల్లో తట్టుకున్న పొదుపు జన్యువులే ఇవాళ షుగర్ తెస్తున్నాయని 1962లో జేమ్స్ నీల్ అన్నాడు. వినడానికి బాగుంటుంది. అలాంటి జన్యువుల్ని ఇంతవరకు గట్టిగా ఎవరూ చూపించలేదు, కాబట్టి నేను దాని మీద బరువు వెయ్యను. తల్లి కడుపు సంగతి మాత్రం తూకానికి నిలుస్తుంది. రెండువైపులా నిలుస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి తిండి చాలకపోయినా, షుగర్ పెరిగినా బిడ్డకు ముందు ముందు అపాయమే. అందుకని కోడలు నెల తప్పగానే షుగర్ పరీక్ష చేయించండి, ఆరో నెలలో మళ్ళీ చేయించండి. కాన్పు తర్వాత తగ్గిపోయిందని ఊరుకోవద్దు. అలా వచ్చి పోయిన తల్లికి తర్వాత టైప్ 2 వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఏడెనిమిది రెట్లు.

కొందరిలో కరువు ఇంకా సూటిగా దెబ్బ కొడుతుంది. మనవాళ్ళు రైలెక్కి వెళ్ళే వేలూరులో, సీఎంసీ వైద్యులు చిన్నప్పుడు తిండి లేక ఎండిపోయిన బక్కపల్చటి యువకుల్ని పరీక్షించి, వాళ్ళ షుగర్ టైప్ 1 కాదు, టైప్ 2 కాదు, ఊటే సన్నగా ఉన్న వేరే రకం అని 2022లో చూపించారు. 2025లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య దానికి టైప్ 5 అని పేరు పెట్టింది. పేదవాడికి వచ్చే షుగర్‌కి ఇన్నాళ్ళకి ఒక నంబరైనా దొరికింది.

రెండోది అన్నం. ఇక్కడ నన్ను కొట్టకండి.

నేను పుట్టింది పొదిలి వైపు మెట్టలో. మా నాయనమ్మ సజ్జ సంకటి కెలికేది, కొర్రన్నం, వరిగన్నం వండేది. వరి అన్నం పండగకి, చుట్టం వస్తే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యం మా ఊళ్ళో ఆకలి తీర్చింది, దాన్ని ఒక్క మాట అన్నా నా నోరు పడిపోతుంది. కానీ పదేళ్ళలో మా ఊరి పళ్ళెం రంగు మారింది. కందుకూరు నుంచి నెల్లూరు దాకా మూడు పూటలా తెల్లన్నమే, పొద్దున ఇడ్లీ దోసె అయినా అదీ బియ్యమే. నెల్లూరు మొలగొలుకులంటే దేశమంతా పేరు. ఇవాళ మనం తినేది బాపట్లలో పుట్టిన సాంబా మసూరి, తెల్లగా ముత్యంలా పట్టించింది. తవుడు పోతే పీచు పోయింది, మిగిలింది పిండి. 2020లో 21 దేశాల్లో లక్షా ముప్ఫై వేల మందిని గమనించిన లెక్క అచ్చయింది. మన దక్షిణాసియాలో రోజుకి 450 గ్రాముల పైన అన్నం తినేవాళ్ళకి, 150 గ్రాముల లోపు తినేవాళ్ళకంటే షుగర్ అపాయం 61 శాతం ఎక్కువ. వండిన అన్నం సుమండీ, బియ్యం కాదు. మీలో చాలామంది ఆ 450 మధ్యాహ్నానికే దాటేస్తారు.

అన్నమే దోషి అయితే మా తాతల కాలంలో డెల్టా రైతులకి ఎందుకు రాలేదు? వాళ్ళూ రెండు పూటలా అన్నమే తిన్నారు. పార పట్టారు, మోట తోలారు, పుట్టి ధాన్యం బస్తాలు ఎత్తారు. కండ ఆ చక్కెరని ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే లాగేసుకుంటుంది, పని చేసినప్పుడు. పళ్ళెం అదే ఉండి పార పోయింది. ఇప్పుడు పొలానికి బండి మీద వెళ్ళి, గట్టు మీద బండి దిగకుండా కోత మిషన్ చూసి వస్తున్నాం. కాబట్టి అన్నాన్ని ఒంటరిగా బోను ఎక్కించొద్దు. కొబ్బరి పాకం మీద, మలై కాజా మీద కూడా కేసు పెట్టొద్దు. పండక్కి తిన్న కాజా షుగర్ తేదు. రోజూ తాగే కూల్ డ్రింకు, రోజుకి ఆరు చక్కెర టీలు తోడకం పెంచుతాయి.

నిద్ర గురించి ఎవరూ అడగరు. కోస్తా వెంబడి రొయ్యల గుంటల దగ్గర కాపలా కుర్రాళ్ళు రాత్రంతా నీళ్ళలోకి గాలి పట్టించే ఏరేటర్లు చూసుకుంటూ కూర్చుంటారు. కరెంటు పోతే గుంట పోతుంది. పాతికేళ్ళకి షుగర్‌తో వచ్చినవాళ్ళని చూశాను. 1999లో షికాగోలో పదకొండుమంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళని ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. వారం తిరక్కుండానే వాళ్ళ శరీరం చక్కెరను సంభాళించే తీరు ముసలివాళ్ళలా అయింది. వాళ్ళు పడుకోగానే మళ్ళీ కుదురుకున్నారు. మన కుర్రాళ్ళకి ఆ పడుకునే వారం ఎప్పుడొస్తుంది?

పొగాకు. మనం పండిస్తాం, ఒంగోలు, టంగుటూరు, కందుకూరు వేలాల్లో అమ్ముతాం, దాంతో పిల్లల్ని చదివించాం. పొగ తాగేవాళ్ళకి టైప్ 2 అపాయం 30 నుంచి 40 శాతం ఎక్కువ. కేన్సరు, గుండె అంటే అందరికీ తెలుసు, షుగర్ అంటే ఆశ్చర్యపోతారు. సారా సంగతి వేరే. 1992లో దూబగుంట ఆడవాళ్ళు ఈ జిల్లాలోనే తిరగబడ్డారు కదా, వాళ్ళు చూసింది కొట్టే మొగుణ్ణి, అప్పుల్ని. మేం చూసింది కడుపునొప్పితో మెలికలు తిరిగే మనిషిని. ఏళ్ళ తరబడి తాగితే క్లోమం వాచి, ఎండి, రాళ్ళు కడుతుంది. ఊట ఉన్న గ్రంథే పోయాక షుగర్ రాక ఏమవుతుంది? ఇది టైప్ 1, 2 ఏదీ కాదు.

మందుల వల్ల వచ్చేది కూడా ఉంది. మోకాళ్ళ నొప్పులకి ఊళ్ళో సూది వేయించుకుంటారు, పొట్లంలో పొడి తెచ్చుకుంటారు. రెండోరోజుకే లేచి పరిగెత్తుతారు. అందులో స్టెరాయిడ్ ఉంటే లివర్ చక్కెర వదులుతూనే ఉంటుంది. 2021లో కరోనా రెండో అలలో స్టెరాయిడ్లతో ప్రాణాలు నిలిచాయి, చాలామందికి షుగర్ కూడా బయటపడింది. అక్కడ వాడక తప్పలేదు. మోకాలికి ఆ పొడి వాడక తప్పనిది కాదు.

పురుగుమందులు. మిరప, పత్తి, కంది రైతులు వినండి. 1970ల్లో అమెరికాలో వేకర్ అని ఒక ఎలుకల మందు వచ్చింది. దాన్ని మింగి బతికినవాళ్ళకి బీటా కణాలు చచ్చిపోయి ఇన్సులిన్ మీద బతకాల్సి వచ్చింది, తర్వాత దాన్ని తీసేశారు. అంటే రసాయనం ఊటని చంపగలదని రుజువైంది. మనం కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందుల మీద మదురై వాళ్ళు 2017లో ఒక పరిశీలన అచ్చు వేశారు. పల్లె జనంలో ఆ మందులతో రోజూ పనిచేసేవాళ్ళలో షుగర్ మూడు రెట్లు ఎక్కువ కనిపించింది. పేగుల్లోని సూక్ష్మజీవులు ఆ మందుని విరగ్గొట్టి చక్కెర తయారీకి దారి తీస్తున్నాయని ఎలుకల్లో చూపించారు. ఒక్క పరిశీలనతో తీర్పు చెప్పలేం. అయినా గాలికి ఎదురు నిలబడి, చొక్కా విప్పి మందు కొట్టడానికి అది కారణం కాదు కదా.

(సభలోంచి: "కనిగిరి నీళ్ళ వల్ల వస్తుందంటారే?") ఫ్లోరైడు పళ్ళకీ ఎముకలకీ చేసే చెరుపు మనం కళ్ళారా చూశాం. షుగర్ దాని పద్దులో వెయ్యడానికి నా దగ్గర ఆధారం లేదు. తిరగేసి చెప్పమంటే చెబుతాను. షుగర్ అదుపులో లేనివాడికి దాహం ఎక్కువ. రెండు లీటర్లు తాగేవాడు ఐదు తాగుతాడు. ఆ నీళ్ళల్లో ఫ్లోరైడు ఉంటే అదీ రెండున్నర రెట్లు లోపలికి పోతుంది.

ఇక టెన్షన్. కూతురి పెళ్ళి తప్పిపోయిన వారానికి షుగర్ బయటపడ్డ తండ్రి ఒకాయన ఆ వియ్యంకుణ్ణి చచ్చేదాకా క్షమించలేదు. ఆందోళనలో ఒంట్లో కార్టిసాల్, ఎడ్రినలిన్ అనే హార్మోన్లు పెరిగి చక్కెర పెరిగే మాట నిజం. కానీ టైప్ 2 బయటపడే రోజుకి బీటా కణాల పని దాదాపు సగం పోయి ఉంటుందని, ఆ తరుగుదల పదేళ్ళ ముందే మొదలవుతుందని ఇంగ్లండులో వేలమందిని ఏళ్ళ తరబడి చూసి లెక్క కట్టారు. బావి ఆ వేసవిలో ఎండలేదు. నీళ్ళు దిగుతూనే ఉన్నాయి, ఆ వేసవిలో బిందె అడుగున తగిలింది. వియ్యంకుడు పరీక్ష చేయించే సందర్భం తెచ్చాడు, అంతే. మన రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకునేవాళ్ళు ఎందరో. పట్టుకోండి, మంచిదే. రొట్టె పట్టుకునే నాటికి జబ్బు వయసు పదేళ్ళని తెలిసి పట్టుకోండి.

వంశంలో ఉంటే ఏం చేసినా వస్తుందనేవాళ్ళకి ఒక్క లెక్క. అంచు మీద ఉన్నవాళ్ళని రెండు గుంపులు చేసి, ఒక గుంపుని వారానికి 150 నిమిషాలు నడిపించి, ఒంటి బరువులో ఏడు శాతం తగ్గమన్నారు. అమెరికాలో 2002లో తేలిన ఫలితం: మూడేళ్ళలో కొత్తగా షుగర్ వచ్చినవాళ్ళు 58 శాతం తగ్గారు. చెన్నైలో రామచంద్రన్ గారి బృందం 2006లో చూపించింది 28 శాతం. మనవాళ్ళ దగ్గర లాభం సగమే, అది కూడా ఆలోచించాల్సిన విషయమే. బావి లోతే తక్కువ కాబట్టి అని నా అభిప్రాయం. ఇందాక చెప్పిన టీసీఎఫ్7ఎల్2 జన్యువు రెండువైపుల నుంచీ వచ్చినవాళ్ళలో కూడా ఆ నడక పనిచేసింది.

ఒక్క ప్రశ్నకి టైముంది. అడగమ్మా.

(ఒక పెద్దావిడ: "అయ్యా, మా పెద్ద మనవడికి పిల్లల షుగర్. కోడలు రెండో బిడ్డ వద్దంటోంది. వాడికీ వస్తుందా?")

ఎన్నేళ్ళమ్మా పెద్దవాడికి? ఏడా. చూడమ్మా, టైప్ 1 ఉన్న పిల్లల తోబుట్టువుల్ని నూరుమందిని తీసుకుంటే ఐదారుగురికి వస్తుంది. తొంభై నాలుగుమందికి రాదు. కనాలా వద్దా అన్నది వాళ్ళిద్దరి ఇష్టం, ఆ మాటలో నేనూ నువ్వూ వేలు పెట్టకూడదు. కానీ ఈ ఆరూ తొంభై నాలుగూ వాళ్ళకి తెలిశాక తేల్చుకోమను. రేపు ఆ అమ్మాయిని ఒకసారి నా దగ్గరికి తీసుకురా. మీ అబ్బాయిని కూడా రమ్మను, ఒక్కదాన్నే పంపొద్దు.

పదిన్నర అయినట్టుంది. టీ వస్తోంది. రక్తం ఇంకా ఇవ్వనివాళ్ళు ఎవరు? చేతులెత్తండి. అమ్మా నాన్నల్లో ఒకరికైనా షుగర్ ఉన్నవాళ్ళు, కాన్పులో వచ్చి పోయిన ఆడవాళ్ళు ముందు వెళ్ళండి. మీరు కాదండీ, మీరు ఇందాకే బయట బజ్జీ తింటుంటే చూశాను, రేపు పొద్దున రండి.